బహుమతి ఇచ్చేదెవరు?

చీరాల నుంచి బాపట్ల వెళ్ళే జాతీయ రహదారి మీద ఈపురుపాలెం వస్తుంది. బయటివాళ్ళకు ఈ ఊరి పేరు రెండింటి వల్ల తెలుసు. ఒకటి మగ్గం. రెండోది, పొలాల నీళ్ళను సముద్రంలో కలిపే స్ట్రెయిట్ కట్ కాలువ. ఊరు ఉన్నచోటే ఉంది గానీ జిల్లాలే మారుతూ వచ్చాయి: 1970 దాకా గుంటూరు, ఆ తర్వాత ప్రకాశం, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల.

ఈ ప్రాంతంలో 'నిర్మాత' అన్న మాట వినపడగానే మనసులో మెదిలేది సినిమావాళ్ళే. చీరాలకు అవతల ఉన్న కారంచేడులో రైతు కుటుంబంలో పుట్టిన దగ్గుబాటి రామానాయుడు 1964లో 'రాముడు-భీముడు'తో సురేష్ ప్రొడక్షన్స్ మొదలుపెట్టి, వందకు పైగా చిత్రాలు తీసి, 2008లో గిన్నిస్ పుస్తకానికెక్కారు. 1999లో బాపట్ల నుంచే లోక్‌సభకు గెలిచారు. తెనాలి వైపు వెళ్తే చక్రపాణి. వీళ్ళ పేర్లు పోస్టర్ల మీద పెద్ద అక్షరాల్లో పడ్డాయి. అదే టీవీలో గేమ్ షో నడిపినవాడి పేరు అడిగితే ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. యాంకరు పేరు చెబుతారు, యాంకరు కట్టుకొచ్చిన చీర రంగు కూడా చెబుతారు. నిర్మాత పేరు చివర్లో టైటిల్స్‌లో గబగబా పోతుంది, ఆ పాటికి చూసేవాళ్ళ చెయ్యి రిమోట్ మీదకు వెళ్ళిపోతుంది.

ఈ నిర్మాత పని ఎలాంటిదో తెలియాలంటే ఈపురుపాలెం మగ్గాల దగ్గరే ఒకసారి ఆగాలి. గుంట మగ్గంలో కూర్చున్న నేతగాడికి నూలు మాస్టర్ వీవర్ ఇస్తాడు. డిజైను ఆయనదే, రంగు ఆయనదే. నేసిన బట్ట తిరిగి ఆయన గడపకే చేరుతుంది. నేతగాడికి ముట్టేది మజూరీ. వానాకాలం గుంటలోకి నీళ్ళొచ్చి మగ్గం ఆగితే ఆ నష్టం మాత్రం నేతగాడిది. టీవీలో 'కమిషన్డ్ ప్రోగ్రాం' అనే పద్ధతి దాదాపు ఇంతే. ఛానల్ బడ్జెట్ ఇస్తుంది, నిర్మాత ఎపిసోడ్లు తయారుచేసి అప్పగిస్తాడు, పేరూ హక్కులూ ఛానల్‌కే ఉంటాయి. రేటింగ్ పడిపోతే ముందుగా ఆగేది నిర్మాతకు రావలసిన తర్వాతి ఆర్డరు.

దీనికి పూర్తిగా తిరగబడిన పద్ధతి ఇంకొకటి ఉంది. దూరదర్శన్ రోజుల్లో నిర్మాతే ప్రసార రుసుం కట్టి అరగంట కొనుక్కునేవాడు. బదులుగా కొన్ని సెకన్ల ప్రకటనల సమయం దక్కేది. దాన్ని సబ్బుల కంపెనీకో టీ పొడి కంపెనీకో అమ్ముకుని పెట్టుబడి రాబట్టుకోవాలి. దక్షిణాదిన సన్ నెట్‌వర్క్ ఈ స్లాట్ పద్ధతినే చాలాకాలం నమ్ముకుంది. ఇక్కడ నూలు సొంతం, మగ్గం సొంతం, అమ్మకం సొంతం, అప్పు కూడా సొంతమే. తెలుగు గేమ్ షో చరిత్ర ఈ రెండు పద్ధతుల మధ్య ఊగుతూ వచ్చింది.

అయితే పోటీ పెట్టి జనాన్ని పోగుచేసే విద్య ఇక్కడ టీవీ కంటే చాలా పాతది. అష్టావధానాన్నే తీసుకోండి. ఎదురుగా ఎనిమిది మంది పృచ్ఛకులు, సమస్యా పూరణం, దత్తపది, మధ్యలో గంట కొట్టేవాడు, ఏకాగ్రత చెడగొట్టడానికే కూర్చున్న అప్రస్తుత ప్రసంగి, అందరినీ అదుపులో ఉంచే సంచాలకుడు. ప్రశ్న, గడువు, ఆటంకం, చప్పట్లు అన్నీ అందులో ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తిరుపతి వేంకట కవులు, కొప్పరపు సోదర కవులు పోటాపోటీగా ఆశుకవిత్వం చెబుతున్నప్పుడు గుంటూరు సీమ రెండు పక్షాలుగా చీలిపోయింది. సంభావన ఇచ్చేది జమీందారో, ఊరి పెద్దలో. సభ ఏర్పాటు చేసినవాడి పేరు అప్పుడూ ఎవరికీ గుర్తులేదు.

తెనాలి ఇంకో అడుగు ముందుకేసింది. 1929లో సురభి నాటక సమాజానికి చెందిన వనారస గోవిందరావు చొరవతో ఆంధ్ర నాటక కళా పరిషత్తు అక్కడే పుట్టింది. తర్వాతి దశాబ్దాల్లో పరిషత్తు పోటీలంటే కోస్తా జిల్లాల్లో ఒక జాతర. ఊరూరి నుంచి సమాజాలు బండి కట్టుకుని వచ్చేవి. నాటికకు గడువు ఉండేది, ముందు వరుసలో న్యాయనిర్ణేతలు మార్కుల కాగితాలతో కూర్చునేవారు, చివరి రోజు రాత్రి ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ నటుడు అంటూ షీల్డులు ఇచ్చేవారు. ఫలితం నచ్చని సమాజం వేదిక వెనక గొడవకు దిగడం కూడా ఆనవాయితీలో భాగమే. ఒక జట్టు, ఒక గడువు, ఇద్దరు ముగ్గురు జడ్జీలు, మార్కులు, బహుమతి. ఈ వరస ఎనభై ఏళ్ళ తర్వాత టీవీలో మళ్ళీ కనబడుతుంది.

ఇక చక్రపాణి. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు, తెనాలి ఐతానగర్ మనిషి. బి. నాగిరెడ్డితో కలిసి 1947 జూలైలో 'చందమామ' మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. ఆ పత్రికలో నెలనెలా ఒక ఫొటో పోటీ వచ్చేది. రెండు ఫొటోలు పక్కపక్కన వేసేవారు. ఒకదానికొకటి జోడు కుదిరేలా రెండింటికీ చిన్న వ్యాఖ్యలు రాసి, పోస్టుకార్డు మీద వడపళనికి పంపాలి. గెలిచినవాళ్ళకు 10 రూపాయలు, పైగా పత్రికలో పేరు, ఊరు.

ఆ 10 రూపాయల కోసం ఎవరూ కార్డు కొని రాయలేదు. పత్రికలో తమ పేరు పక్కన తమ ఊరి పేరు చూసుకోవడం కోసం రాశారు. గేమ్ షో వ్యాపారానికి మూలసూత్రం ఇక్కడే దొరుకుతుంది. బహుమతి అనేది జనాన్ని పిలవడానికి ఒక సాకు, వచ్చేవాళ్ళు వచ్చేది కనబడటానికి. 'విజయా' బ్యానరు మీద అన్నన్ని విజయాలు తీసిన చక్రపాణికి ఈ సంగతి తెలియదనుకోలేం. ఆయన చేతిలో టీవీ ఉండి ఉంటే ఏం చేసేవాడో ఊహించడం సరదాగా ఉంటుంది గానీ, ఆయన 1975లో పోయారు. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరులో వచ్చింది.

పత్రికల పోటీలన్నీ చందమామంత అమాయకంగా లేవు. రుసుం కట్టి పంపే పదకేళీలు 1940ల్లో, 50ల్లో దేశమంతటా పెద్ద జూదంగా తయారయ్యాయి. గళ్ళలో రెండు మూడు మాటలు అర్థవంతంగా సరిపోయేలా పెట్టి, ఏది 'సరైనదో' ముందే ఒక కవరులో మూసి ఉంచేవారు. తెలివికి అక్కడ పనే లేదు. కేంద్రం 1955లో ప్రైజ్ కాంపిటీషన్స్ చట్టం తెచ్చి, నెలకు వెయ్యి రూపాయలు దాటిన బహుమతులున్న పోటీలను నిషేధించింది. బెంగళూరు నుంచి పదకేళీలు నడిపిన ఆర్.ఎం.డి. చమర్‌బాగ్‌వాలా దీనిపై సుప్రీంకోర్టుకెక్కారు. 1957లో వచ్చిన తీర్పు ఒక గీత గీసింది: అదృష్టం మీద నడిచేది జూదం, నైపుణ్యం మీద నడిచేది జూదం కాదు, చట్టం మొదటిదానికే వర్తిస్తుంది. 1967లో ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన ఒక క్లబ్బు కేసులో, రమ్మీలో నైపుణ్యమే ఎక్కువని అదే కోర్టు తేల్చింది. పేకాటరాయుళ్ళు ఈ తీర్పును నోటికి నేర్చుకున్నారు. టీవీ నిర్మాతల లాయర్లు కూడా నేర్చుకున్నారు. ప్రతి గేమ్ షోలో, ఎంత తేలికదైనా సరే, ఒక ప్రశ్న తప్పకుండా ఉండటానికి ఒక కారణం ఆ గీతే.

వృత్తిగా గేమ్ షో నిర్మాణం ఎక్కడ రూపుదిద్దుకుందో చూడాలంటే అమెరికా వెళ్ళక తప్పదు. 1946లో జతకట్టిన మార్క్ గుడ్‌సన్, బిల్ టాడ్‌మన్ ఒక ఆట నియమాలనే ఆస్తిగా మార్చారు. 1950లో 'వాట్స్ మై లైన్?', 1956లో 'ది ప్రైస్ ఈజ్ రైట్', 1976లో 'ఫ్యామిలీ ఫ్యూడ్'. యాంకర్లు మారారు, సెట్లు మారాయి, ఆట మాత్రం గుడ్‌సన్ సంస్థది. నేతగాడు డిజైనుకే హక్కుదారుడైన అరుదైన సందర్భం అది.

ఆ వృత్తిలోని చీకటి కోణం కూడా అప్పుడే బయటపడింది. 1956లో ఎన్‌బీసీలో 'ట్వంటీ వన్' అనే క్విజ్ మొదలైంది. నిర్మాత డాన్ ఎన్‌రైట్. వరుసగా గెలుస్తున్న హెర్బ్ స్టెంపెల్ జనానికి బోరు కొట్టాడని అనిపించగానే, అతన్ని ఓడిపొమ్మన్నారు. 1955కు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ ఏ సినిమాకొచ్చింది అన్నది ప్రశ్న. జవాబు 'మార్టీ'. స్టెంపెల్‌కు ఆ సినిమా అంటే ప్రాణం. అయినా నిర్మాత చెప్పినట్టు 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్' అని తప్పు జవాబిచ్చి దిగిపోయాడు. అతని స్థానంలో వెలిగిన చార్లెస్ వాన్ డోరెన్ 1959 నవంబరు 2న అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం ముందు అంతా ముందే చెప్పించుకున్నానని ఒప్పుకున్నాడు. మరుసటేడు క్విజ్‌లలో మోసాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది. ఎన్‌రైట్‌ను కొన్నేళ్ళు ఎవరూ దగ్గరికి రానివ్వలేదు. 1970ల్లో మళ్ళీ గేమ్ షోలతోనే తిరిగొచ్చాడు. ఈ వ్యాపారానికి మతిమరుపు కాస్త ఎక్కువే.

మన దగ్గర బుద్ధికి పనిచెప్పే క్విజ్‌ను దూరదర్శన్‌లోకి తెచ్చిన మనిషి సిద్ధార్థ బసు. 1985లో 'క్విజ్ టైమ్'కు ప్రశ్నలడిగే మనిషిగా తెర ముందు కనిపించి, తర్వాత తెర వెనక్కి వెళ్ళి సినర్జీ అనే నిర్మాణ సంస్థ పెట్టారు. 2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో మొదలైన 'కౌన్ బనేగా కరోడ్‌పతి' ఆయన కట్టిన షోనే. 1998లో లండన్‌లో సెలడార్ సంస్థ తయారుచేసిన 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్?' దాని మాతృక. ముందు పేరు 'కౌన్ బనేగా లఖ్‌పతి' అనుకున్నారనీ, స్టార్ అధినేత రూపర్ట్ మర్డోక్ బహుమతిని లక్ష నుంచి కోటికి పెంచమన్నారనీ ఛానల్ వాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. లక్ష అయితే అది ఒక కార్యక్రమం, కోటి అయితే వార్త. మర్డోక్ కొన్నది ఆ వార్తనే. పోటీగా జీ టీవీ ఏకంగా పది కోట్లతో దిగింది, కొన్ని నెలలకే దుకాణం సర్దేసింది. అంటే సున్నాలు పెంచినంత మాత్రాన జనం రారని అప్పుడే తేలింది.

ఫార్మాట్ కొనడమంటే పేరు కొనడం కాదు. ఒక లావుపాటి పుస్తకం వస్తుంది, 'బైబిల్' అంటారు దాన్ని. కుర్చీలు ఎక్కడుండాలి, ప్రశ్న కష్టమయ్యే కొద్దీ దీపాలు ఎలా కిందికి వాలాలి, సంగీతం ఏ క్షణంలో మారాలి, అంతా అందులో రాసి ఉంటుంది. దాన్ని దాటితే లైసెన్సు పోతుంది. కోట్ల రూపాయల సెట్టు వేసిన నిర్మాత, నిజానికి ఎవరో నేసిన డిజైనును గీత తప్పకుండా మళ్ళీ నేస్తున్నాడన్నమాట. ఆయన సొంత బుద్ధి పనిచేసేది రెండు చోట్లే: ప్రశ్నలు, పోటీదారుల ఎంపిక. ప్రశ్నపత్రానికి వేసిన తాళం ఎంత గట్టిదో షో అంత గట్టిది.

గేమ్ షో ఆదాయం దేశాన్ని ఎంత కదిలించిందంటే, 2001 ఆర్థిక చట్టంలో లాటరీ, గుర్రప్పందేల సరసన టీవీ గేమ్ షో బహుమతిని కూడా చేర్చారు. 30 శాతం పన్ను, పైన సెస్సు. బహుమతి కారు రూపంలో ఇస్తే పన్ను కట్టించుకున్నాకే తాళం చెవి ఇవ్వాలి. తెర మీద తాళం చెవి పట్టుకుని ఎగిరి గంతేసిన గెలుపరి, ఆ తర్వాత పన్ను డబ్బు కోసం చుట్టాలకు ఫోన్లు చేసుకోవాల్సి రావచ్చన్నది తెర మీద రాని సంగతి.

ప్రేక్షకుల జేబు మీద కూడా కన్ను పడింది. 2007 కరోడ్‌పతిలో 'హర్ సీట్ హాట్ సీట్' అని ఇంట్లో కూర్చుని ఎస్సెమ్మెస్ పంపే పోటీ పెట్టారు, సందేశానికి 2 రూపాయల 40 పైసలు. బహుమతి సొమ్ము ఈ ఎస్సెమ్మెస్‌ల ఆదాయం నుంచే వస్తోందన్న ఫిర్యాదు మీద జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో స్టార్‌కూ ఎయిర్‌టెల్‌కూ కోటి రూపాయల జరిమానా వేసింది. సుప్రీంకోర్టు దాన్ని తర్వాత కొట్టేసింది. తీర్పు సంగతి అలా ఉంచితే, 'బహుమతి ఇచ్చేదెవరు?' అన్న ప్రశ్నను కోర్టులో నిలబెట్టిన కేసు అది.

ఇంత హడావిడి జరుగుతుంటే తెలుగు ఛానళ్ళు ఏం చేస్తున్నాయి? 1995లో జెమిని వచ్చింది, అదే ఏడాది ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. ఈటీవీ 1996లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంతో 'పాడుతా తీయగా' మొదలుపెట్టింది. అది పాటల పోటీ, నిజమే. కానీ ఊళ్ళ నుంచి పిల్లలు వచ్చి, పేరూ ఊరూ చెప్పుకుని, మార్కులు వేయించుకుని, ఒక్కొక్కరుగా తగ్గుతూ పోయే పద్ధతి పరిషత్తు పోటీల నుంచి నేరుగా దిగింది. తప్పు పాడిన పిల్లకు తప్పెక్కడుందో పాడి చూపించే జడ్జి దొరకడం మాత్రం మన అదృష్టం.

అసలైన తెలుగు గేమ్ షో మధ్యాహ్నం పుట్టింది. వంటయి, మగవాళ్ళు పనులకు, పిల్లలు బడికి వెళ్ళాక దొరికే గంట అది. ఆ గంటలో ఈటీవీ 'స్టార్ మహిళ' పెట్టింది. కేరళలో పాలక్కాడ్ మూలాలున్న యాంకరు సుమ తెలుగింటి ఆడపడుచు అయిపోయింది ఈ షోతోనే. జిల్లాల నుంచి వచ్చిన గృహిణులు, ఉద్యోగినులు నలుగురు నిలబడి పేరు, ఊరు, అత్తగారి సంగతి చెప్పుకుని, గ్లాసులు పేర్చో బుడగలు పగలగొట్టో ఆడేవారు. స్పాన్సరు ఇచ్చిన చీర, మిక్సీ, నగల దుకాణం వారి కానుక పట్టుకుని వెళ్ళేవారు. పదేళ్ళకు పైగా, వేల ఎపిసోడ్లు నడిచింది. ఇందులో ఒక్క కోటీ లేదు, ఒక్క విదేశీ ఫార్మాటూ లేదు.

ఇక్కడ నిర్మాత లెక్కలు చూడండి. రోజూ వచ్చే షో కాబట్టి ఒక రోజులో నాలుగైదు ఎపిసోడ్లు తీసేయాలి. యాంకరు ఎపిసోడుకో చీర మార్చుకుంటుంది. చూసేవాళ్ళకు సోమవారం, మంగళవారం వేర్వేరు రోజులు, ఫ్లోర్ మీద మాత్రం అది ఉదయం, మధ్యాహ్నం. చప్పట్లు కొట్టే వాళ్ళను బస్సులో తెస్తారు, భోజనం పెడతారు, వాళ్ళ నవ్వులూ ఆశ్చర్యాలూ విడిగా తీసి పెట్టుకుంటారు. ఎడిటర్‌కు ఎప్పుడు ఎక్కడ కావాలంటే అక్కడ అతికించుకోవడానికి పనికొస్తాయి. పీసీఆర్ అనే కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న డైరెక్టర్ యాంకరు చెవిలో "ఆ పచ్చ చీర ఆవిడతో ఇంకాస్త మాట్లాడించండి" అంటుంటాడు. ఆట పోయినా ఫరవాలేదు, మాట పోకూడదు. బహుమతులు నిర్మాత కొనడు. గిఫ్ట్ స్పాన్సరు తెచ్చిస్తాడు, బదులుగా దుకాణం పేరు తెర మీద కనబడుతుంది, యాంకరు నోట వినబడుతుంది. 10,000 రూపాయలు దాటితేనే మూలంలో పన్ను కోయాలన్న నిబంధన ఉంది కాబట్టి ఒక చీరా ఒక మిక్సీ ఏ తలనొప్పీ లేకుండా ఇంటికి చేరతాయి.

ఆ చీర గురించి ఒక మాట. చీరాల, ఈపురుపాలెం చుట్టుపక్కల నేసినవాళ్ళ ఇళ్ళలో కూడా మధ్యాహ్నం టీవీ మోగుతూనే ఉంటుంది. పక్కన ఆసు పోస్తూ, కండెలు చుడుతూ ఆడవాళ్ళు చూస్తుంటారు. తెర మీద బహుమతిగా ఇచ్చే చీర ఏ మగ్గం మీద నేసిందో, అసలు మగ్గం మీద నేసిందో మరమగ్గం మీద నేసిందో ఎవరూ చెప్పరు. చెప్పేది దుకాణం పేరు ఒక్కటే. నేత మనిషీ షో నిర్మాతా ఇద్దరూ ఒకే చోట మాయమవుతారు.

కమిషన్డ్ పద్ధతిలోనే పనిచేస్తూ సొంత ముద్ర వేసుకున్న నిర్మాతగా ముందు చెప్పాల్సింది ఎం. శ్యాంప్రసాద్ రెడ్డి గురించి. సహజకవిగా పేరున్న మల్లెమాల, అంటే ఎం.ఎస్. రెడ్డి, ఆయన తండ్రి. పిల్లలతోనే 'రామాయణం' తీసి, బాలుడైన జూనియర్ ఎన్టీఆర్‌తో రాముడి వేషం వేయించిన నిర్మాత ఆ తండ్రి. కొడుకుది వేరే పిచ్చి, గ్రాఫిక్స్ పిచ్చి. 'అంకుశం' లాంటి పోలీసు కథ తర్వాత 1995లో 'అమ్మోరు' తీశారు. దర్శకుడు కోడి రామకృష్ణ. తెలుగు తెర మీద కంప్యూటర్ గ్రాఫిక్స్ అంటే ఏమిటో జనానికి తెలిసింది ఆ సినిమాతో. ఆ ధైర్యంతో చిరంజీవితో 'అంజి' మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి సాగి 2004 సంక్రాంతికి విడుదలై, స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు తెచ్చుకుంది, డబ్బులు మాత్రం తేలేదు. ఇంకొకరైతే అక్కడితో మద్రాసు రైలెక్కేవారో, వ్యవసాయం చూసుకునేవారో. ఆయన 2009 జనవరిలో 'అరుంధతి'తో లేచారు.

విచిత్రం ఏమిటంటే, అంత పెద్ద హిట్ కొట్టిన ఏడాదే ఆయన అడుగు టీవీ వైపు పడింది. అదే ఏడు ఈటీవీలో మల్లెమాల సంస్థ నిర్మాణంలో 'ఢీ' డాన్స్ పోటీ మొదలైంది. 2013 ఫిబ్రవరి 7న 'జబర్దస్త్' వచ్చింది. సుమతో 'క్యాష్' అనే గేమ్ షో వచ్చింది, 'దొరికినంత దోచుకో' అనే ఉపశీర్షికతో. సినిమాలో ఒక ప్రాజెక్టు ఐదారేళ్ళు తిని చివరకు శుక్రవారం ఉదయం ఆటకు తేలిపోతుంది. టీవీలో వారం వారం చిన్న చిన్న పందేలు. 'అంజి' లాంటి దెబ్బ తిన్నవాడికి ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

'జబర్దస్త్'ను కామెడీ షో అంటారు గానీ, దాని ఎముకల గూడు పోటీదే. టీమ్ లీడర్లు, ఒక్కో జట్టుకు ఒక స్కిట్టు, నిర్ణీత సమయం, నాగబాబు, రోజా లాంటి జడ్జీలు, మార్కులు, గెలిచిన జట్టుకు చెక్కు. తెనాలి పరిషత్తులో నాటికలు వేసిన సమాజాలను వాళ్ళ వేషాలతో సహా స్టూడియోలోకి తెచ్చి, షీల్డు బదులు చెక్కు పెడితే ఇదే అవుతుంది. ఆ స్కిట్ల మోటుదనం మీద వచ్చిన విమర్శల్లో చాలావరకు న్యాయమే ఉంది. కానీ ఏ ఊరి నుంచో వచ్చి వేషాల కోసం హైదరాబాద్ కృష్ణానగర్‌లో తిరుగుతున్న కుర్రాళ్ళకు పరిషత్తులు ఆగిపోతున్న కాలంలో ఒక వేదిక దొరికింది అక్కడే.

ఓంకార్ దారి ఇంకొకటి. తెర మీద యాంకరూ ఆయనే, తెర వెనక ఓక్ ఎంటర్‌టైన్‌మెంట్స్ నిర్మాతా ఆయనే. జీ తెలుగులో 'ఆట', పిల్లల కోసం 'మాయాద్వీపం', స్టార్ మాలో 'సిక్స్త్ సెన్స్'. నిర్మాత కనబడడన్న సూత్రాన్ని తప్పించుకోవడానికి ఆయన కనిపెట్టిన ఉపాయం తేలికైనదే, తానే మైకు పట్టుకోవడం.

మరి కోటి రూపాయల షో? అది తెలుగులోకి రావడానికి 14 ఏళ్ళు పట్టింది. 2014 జూన్‌లో మా టీవీలో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' నాగార్జునతో మొదలైంది. నిర్మాణం బసు స్థాపించిన సంస్థదే, అప్పటికి దాని పేరు బిగ్ సినర్జీ. అప్పట్లో మా టీవీ భాగస్వాముల్లో నాగార్జున ఒకరు, చిరంజీవి ఇంకొకరు. 2015లో ఛానల్ స్టార్ చేతికి వెళ్ళింది, 2017లో నాలుగో విడతకు చిరంజీవి కుర్చీలో కూర్చున్నారు. ఆ తర్వాత షో ఆగింది. అప్పటికే ఫార్మాట్ హక్కులు లండన్ నుంచి నెదర్లాండ్స్ సంస్థకు, అక్కడి నుంచి 2008లో సోనీకి చేరి ఉన్నాయి. 2021 ఆగస్టు 22న 'ఎవరు మీలో కోటీశ్వరులు' అని పేరు తిప్పి జెమినిలో వచ్చినప్పుడు, తయారుచేసింది సోనీకే చెందిన స్టూడియో నెక్స్ట్. ప్రశ్నలడిగింది జూనియర్ ఎన్టీఆర్, మల్లెమాల 'రామాయణం'లో బాలరాముడు. ఆ నవంబరులో పోలీసు శాఖలో పనిచేసే ఒక ఎస్సై చివరి ప్రశ్నకు కూడా జవాబు చెప్పి కోటి గెలుచుకున్నారు. ఆ ఎపిసోడు గురించి రెండు రాష్ట్రాల పత్రికలూ రాశాయి. దాని తర్వాత రెండో విడత రాలేదు.

హీరో పారితోషికం, ఫార్మాట్ రుసుం, సెట్టు, బహుమతి సొమ్ము, ఇన్నింటినీ తెలుగు రాష్ట్రాల ప్రకటనల మార్కెట్టే మోయాలి. హిందీ షోకు దేశమంతా ప్రేక్షకులు కాబట్టి పాతికేళ్ళుగా మోస్తోంది. తెలుగులో పెద్ద తార వదిలేస్తే ఆట కుంటుపడింది. 'స్టార్ మహిళ' పద్ధతికి ఆ బెంగ లేదు. సుమ ఇదే ధోరణిలో ఒక షో ముగిస్తే ఇంకో పేరుతో ఇంకోటి మొదలవుతుంది. 'క్యాష్' తర్వాత 'సుమ అడ్డా' వచ్చింది.

కొత్త దుకాణం ఫోనులో తెరుచుకుంది. నైపుణ్యం పేరుతో డబ్బు కట్టించుకునే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. అందులో ఆట నైపుణ్యానిదా, అదృష్టానిదా అన్న తేడానే పక్కన పెట్టేశారు. చమర్‌బాగ్‌వాలా కేసులో గీసిన గీత మీద లాయర్లు మళ్ళీ కోర్టుల్లో వాదిస్తున్నారు. టీవీ నిర్మాతకు మాత్రం ఆ గొడవ అంటలేదు, ఎందుకంటే ఆయన షోలో ఆడటానికి ఎవరూ డబ్బు కట్టరు. ఆడిషన్‌కు వచ్చేవాళ్ళ దగ్గర ఆయన సహాయకులు రాసుకునేది పేరు, ఊరు, ఏం పని చేస్తారు, మాట్లాడగలరా లేదా. చివరి గడిలో టిక్కు పడితేనే హైదరాబాద్ పిలుపు వస్తుంది.